కెప్టెన్ క్షేమం

దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి, పరవాలేదు. ఈ సంగతి నోటితో చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒకచోటికి వచ్చేసరికి మిగతాది రేపు చెబుతానని లేచిపోయేదాన్ని. అందుకే ఈసారి రాస్తున్నాను, ఒకరు చదివితే మిగతావాళ్ళు వినండి. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు వంకరగా ఉన్నా సంగతి మాత్రం వంకర పోనివ్వను.

మాది మదనపల్లె. మిషన్ ఆసుపత్రి వెనక సందులో ఇల్లు. నేను ఆ ఆసుపత్రిలోనే మగవాళ్ళ వార్డులో ఆయాని. మా అమ్మ పోయినప్పుడు నాకు పదహారేళ్ళు, తమ్ముడికి ఆరు. నాన్న అంతకుముందే లేడు. వాడికి తల దువ్వింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది, హాస్టల్లో చేర్చి గేటు దగ్గర ఏడ్చింది నేనే. మా వంశంలో సముద్రం చూసినవాళ్ళు ఎవరూ లేరు. మా వైపు బోరు వేస్తే ఎంత లోతుకి నీళ్ళు పడతాయో తెలుసు గానీ, నీళ్ళ మీద బతికే మనుషులుంటారని మాకు పాటల్లో తప్ప తెలియదు. అట్లాంటిది చర్చిలో ఎవరో చెన్నైలో ఓడ పనికి ట్రైనింగ్ ఉందని చెబితే, వాడు పెట్టె సర్దుకుని పోయాడు.

మొదటి ఏళ్ళలో వాడి పని తుప్పు గీకడం, పెయింటు కొట్టడం, మోకులు లాగడం. సెలవుకి వచ్చినప్పుడల్లా వంటింట్లో పీట వేసుకుని కూర్చుని ఓడ సంగతులు చెప్పేవాడు. అరచేతులు చూస్తే క్వారీలో రాళ్ళు కొట్టేవాళ్ళ చేతుల్లా ఉండేవి. నాకు ఓడంటే ఏమి తెలుసు? ఒకసారి అడిగాను, మీ మీద మేస్త్రీ ఎవరురా అని. వాడు నవ్వి, మా ఆసుపత్రిని పట్టుకునే చెప్పాడు. మీ పెద్ద డాక్టరమ్మ ఉంది కదా, ఆమె మాకు కెప్టెన్. కాగితాల మీద మాస్టర్ అని రాస్తారు. మేట్రనమ్మ లాంటివాడు చీఫ్ ఆఫీసర్. ఇంక మీ ఆయాలకు పెద్దగా ఒకామె ఉంటుందే, పొద్దున్నే అందరినీ నిలబెట్టి నువ్వు ఈ వార్డు, నువ్వు ఆ వార్డు అని పంచి, తానూ చీర ఎగ్గట్టి మీతోపాటు నేల కడుగుతుందే, ఆమె మాకు బోసన్. అప్పుడు నాకు ఓడ మొత్తం కళ్ళ ముందు కనబడింది.

ఆ బోసన్ అనే మాటకు తెలుగు మాట నాకు మా వార్డులోనే దొరికింది. సముద్రం వైపు నుంచి వచ్చిన ముసలాయన ఒకడు ఊపిరితిత్తుల జబ్బుతో చాలా రోజులు పడుకుని ఉండేవాడు. వయసులో ఓడల మీద తిరిగిన మనిషి. మా తమ్ముడి సంగతి చెబితే లేచి కూర్చుని, బోసన్ అనేది దొరల మాట, మేము సరంగు అంటాము, చిన్న పడవల మీద వలలు వేసేవాళ్ళ పెద్దను తండేలు అంటాము అని చెప్పాడు. ఆ మాటలు ఎంత ఇష్టంగా పలికాడంటే, దగ్గు కూడా కాసేపు ఆగింది. ఇది ఫోన్లో చెబితే తమ్ముడికి సరంగు అన్న మాట బాగా నచ్చింది. ఇంకో నాలుగేళ్ళకు ఒకరోజు ఫోన్ చేసి, హలో అనకముందే అన్నాడు.

"అక్కా, నేను సరంగునైనాను."

వాడి గొంతు అంత నిండుగా అంతకుముందు ఎప్పుడూ వినలేదు. దీపం కింద బైబిలు తెరిచి పెట్టి మోకరించాను గానీ, ఒక్క ప్రార్థన మాటా రాలేదు, సంతోషంతో.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను.

వాడికి ముప్పై దాటాయి. పుంగనూరు దగ్గర ఒక పల్లెలో సంబంధం ఉందని తెలిసింది. మా చర్చి వాళ్ళే. టమోటాలు, మల్బరీ తోట, కొట్టం నిండా పొట్టి ఆవులు. పిల్ల నర్సు చదివి కుప్పంలో ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తోంది. వాడు సముద్రం మీద ఉన్నాడు, నేనొక్కదాన్నే పోయాను. పిల్ల తండ్రి మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, ఓడ ఉద్యోగమంటే వాళ్ళ బంధువులు వెనకాడుతున్నారని చెప్పాడు. ఆయన మేనత్త ఒకామె గడప దగ్గర కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఓడలో అంటే ఎవురి కింద పని చేస్తాడమ్మా పిల్లోడు?"

అందులో ఎకసెక్కం ఉందో లేదో ఇప్పుడు చెప్పలేను. ఆ రోజు నాకు ఉన్నట్టే తోచింది. తల్లి లేని పిల్లవాడిని పెంచినదాన్ని, ఎవరి కింద అన్న మాట సూదిలా గుచ్చుకుంది.

"ఎవురి కిందా లేదు. వాడే కెప్టెన్" అన్నాను.

అంతే. మజ్జిగ గ్లాసు కింద పెట్టేలోగా అనేశాను. ఆమె అడకత్తెర ఆగింది. పిల్ల తండ్రి ముఖం విచ్చుకుంది. మాట వెనక్కి తీసుకునే సందు దొరకలేదు, దొరికినా తీసుకునేదాన్ని కాదేమో. ఆ మాట వాళ్ళ ఊరంతా తిరిగింది. చివరికి పెళ్ళి కార్డు మీద వాడి పేరు ముందర ఎక్కి కూర్చుంది.

వాడు పెళ్ళికి రెండు రోజుల ముందు వచ్చాడు. కార్డు చూసి ముందు నవ్వాడు.

"అక్కా, మా కెప్టెన్ దీన్ని సూస్తే నన్ను నడి సముద్రంలో దింపేస్తాడు."

తర్వాత కార్డు మూసి పక్కన పెట్టాడు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. వాళ్ళకు అర్థం కాదు కదరా, ఏదో గౌరవంగా ఉంటుందని అన్నానులే అన్నాను.

"గౌరవమా?" అన్నాడు. "పన్నెండేండ్లు మోకు లాగి సంపాదించుకున్న పేరు అక్కా అది. సరంగు అంటే నాకు ఎంత ఇదో నీకు తెల్దా? దాన్ని కొట్టేసి ఇంకొకరిది తగిలించినావే."

వాడు నా మీద ఎప్పుడూ గొంతు పెంచలేదు, ఆ రోజూ పెంచలేదు. మళ్ళీ తనే దగ్గరికి వచ్చి కూర్చుని, నేను చెబితే అక్క అబద్ధమాడిందని తమ్ముడే చెప్పినట్టవుతుంది, నువ్వు కట్టిన ముడి నువ్వే విప్పల్ల అన్నాడు. పెళ్ళయ్యాక నిదానంగా వాళ్ళకు చెబుతానని మాట ఇచ్చాను.

పెళ్ళి జరిగింది. పిల్ల ఉద్యోగం అక్కడే కాబట్టి కుప్పంలో ఇల్లు తీసుకున్నారు. చెన్నైకి రైలు కూడా అక్కడ ఎక్కవచ్చు. నెల తిరక్కుండానే ఓడ నుంచి పిలుపు వచ్చింది. కుప్పం స్టేషన్లో పెళ్ళాం నీళ్ళ బాటిలు కొనడానికి పోయినప్పుడు నన్ను అడిగాడు, "సెప్పినావా?" అని. చెబుతానులే అన్నాను. ఆ తర్వాత ఓడ మీద నుంచి సిగ్నల్ దొరికినప్పుడల్లా అదే అడిగేవాడు. క్రిస్మస్‌కి పోయినప్పుడు చెబుతానన్నాను. క్రిస్మస్‌కి పోతే పిల్ల తండ్రి, నా వియ్యంకుడు, వచ్చినవాళ్ళందరికీ మా కెప్టెన్ గారి అక్క అని పరిచయం చేస్తూ తిరిగాడు. కేకు తిని వచ్చేశాను. ఆ తర్వాత వాడు అడగడం మానేశాడు.

ఒక శుక్రవారం పొద్దున వార్డు పని ముగించి, రోగుల బంధువులు కూర్చునే హాల్లో నుంచి పోతున్నాను. అక్కడ టీవీ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. కింద ఎర్ర పట్టీ మీద వాడి ఓడ పేరు పోతోంది. నిలబడి చదువుకున్నాను. నేను కూడబలుక్కునేలోగా పట్టీ జరిగిపోయేది, మళ్ళీ వచ్చేదాకా గోడ పట్టుకుని ఆగాను. ఓడలో మంటలు. సిబ్బందిని ఇంకో ఓడ వాళ్ళు ఎక్కించుకున్నారు. కెప్టెన్ క్షేమం. కొందరి జాడ తెలియలేదు.

ఫోన్ మోగింది. పుంగనూరు నుంచి వియ్యంకుడు. ఆనందంతో మాటలు తడబడుతున్నాయి.

"సూసినావామ్మా టీవీలో? కెప్టెన్ క్షేమమంట. దేవుడు మన పిల్లోణ్ణి కాపాడినాడు."

ఆయన ఆపకుండా చెబుతూనే ఉన్నాడు. అప్పటికే పాస్టరయ్యగారికి చెప్పాడట, ఆదివారం ఆరాధన కాగానే ఇంటి ముందర కృతజ్ఞతా కూటం పెడుతున్నాడట. నేను ఊఁ అన్నాను. ఏమో, నిజంగానే వాడు కూడా బయటపడి ఉంటాడు, నేనెందుకు చెడు మాట అనాలి అని నాకు నేను చెప్పుకున్నాను.

సాయంత్రం చెన్నై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వాడు పెళ్ళికి ముందు రాసిచ్చిన కాగితాల్లో నా నంబరే ఉందట. అరవం కలిసిన తెలుగులో ఒకాయన చాలా మర్యాదగా, బోసన్ గారి అక్కగారేనా అని అడిగాడు. బోసన్, ఇంకా ఇద్దరు పనివాళ్ళు కనబడలేదని, వెతుకుతున్నామని, ఇంట్లో వాళ్ళకు మీరే చెప్పాలని అన్నాడు.

ఇంట్లో వాళ్ళంటే ఆ పిల్ల. అది ఫోన్లో చెప్పే మాట కాదు. శనివారం పొద్దున్నే కుప్పం బస్సు ఎక్కాను.

బస్సు పుంగనూరు మీదుగానే పోతుంది. నేను వస్తున్నానని ఆసుపత్రిలో ఎవరో చెప్పారేమో, వియ్యంకుడు బస్టాండులో కాచుకుని ఉన్నాడు. కిటికీ దగ్గరికి వచ్చి ఒక స్టీలు డబ్బా, ఆకులో చుట్టిన కనకాంబరాలు చేతికిచ్చాడు. కూతురికి కజ్జికాయలు, పూలు. రేపు దాన్ని కూడా తీసుకుని రమ్మన్నాడు. షామియానా చెప్పాడు, వంటకు మనుషులు వచ్చారు. చెబుతూ చెబుతూ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నిన్న తెల్లారి టీవీలో మంటలని చూసినాక మెతుకు గొంతు దిగలేదమ్మా, ఆ మాట వినినాకనే తిన్నాను అన్నాడు. చెప్పాలని నోరు తెరిచాను. మామా అన్నాను కూడా. డ్రైవరు హారన్ కొట్టాడు, ఆయన చెయ్యెత్తి దీవిస్తూ వెనక్కి జరిగాడు. నేను నోరు మూసుకున్నాను. డ్రైవరు మీద నెట్టడానికి లేదు. బస్సు కదిలాక కూడా చాలాసేపు మెల్లగానే పోయింది, ఆపమంటే ఆపేవాడు.

పలమనేరు, వి.కోట, శాంతిపురం. ఒళ్ళో పూలు వేడికి వాడకుండా కొంగు తడిపి కప్పాను. ఎట్లా మొదలుపెట్టాలా అని దారంతా మాటలు పేర్చుకున్నాను. ముందు అబద్ధం సంగతి చెప్పాలా, ముందు తమ్ముడి సంగతి చెప్పాలా. ఏది ముందు చెప్పినా రెండోది చెప్పే బలం ఉండదనిపించింది.

పిల్ల డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్ల బట్టలు ఇంకా మార్చలేదు. సింకు దగ్గర బియ్యం కడుగుతోంది. కూర్చో వదినా అంది. నేను నిలబడే, నిన్న చెన్నై నుంచి ఫోన్ వచ్చిందమ్మా అన్నాను. ఆ పిల్ల చెయ్యి నీళ్ళలోనే ఆగింది. వెనక్కి తిరగలేదు.

"దొరకలేదంట కదా" అంది.

ఎవరు చెప్పారమ్మా అన్నాను.

"ఎవురూ సెప్పలేదు. కెప్టెన్ ఒక్కడి సంగతే సెప్తాండారు టీవీలో. మా ఆయన దొరికింటే నాకు ఫోన్ చేసుండడా ఈపాటికి?" కుళాయి కట్టేసి అంది. "ఆయన సరంగు అని నాకు తెలుసు వదినా. పెండ్లయిన మూడో దినమే సెప్పినాడు."

నేను గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. ఆ పిల్ల చేతులు తుడుచుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. చిన్నపిల్లకు మందు తాగిస్తూ నర్సులు మాట్లాడతారే, అట్లా నిమ్మళంగా చెప్పింది.

"నీకు తెలిసినట్ల మా అక్కతో సెప్పొద్దు అన్నాడు. మా అక్క సెప్తాది, ఆమె నోటితో ఆమే సెప్పల్ల, అప్పుడు గానీ ఆమె మనసు తేలికపడదు అన్నాడు. ఎంత కాలమైనా కాసుకోని ఉండు అన్నాడు."

నాకు అప్పుడు ఏడుపు రాలేదు. వాడు అడగడం ఎందుకు మానేశాడో అర్థమైంది, నా నోటితోనే రావాలని కాచుకున్నాడు. ఇంకా ఏదో చెబుతోంది ఆ పిల్ల. నిన్నటినుంచి వంద ఫోన్లు వచ్చాయట. ఆసుపత్రిలో వాళ్ళు స్వీట్లు పంచారట. తన నోటికీ ఒకటి పెట్టారట, మింగిందట.

"నేను సెప్తే నువ్వు అబద్ధం ఆడినట్ల అయితాది గదా వదినా. అందుకని ఊరకుండాను." అప్పుడు ఆమె గొంతు మొదటిసారి కదిలింది. "నిన్నటి నుండి అందరూ వేరే మనిషి కోసరం దేవునికి స్తుతి సెప్తాండారు. నా మొగుడు యాడ ఉండాడో, ఎట్లుండాడో, ఆయన కోసరం ప్రార్థన చేసినోళ్ళు ఒక్కరూ లేరు. నేనొక్కదాన్నే."

మీరు నన్ను ఎన్ని తిట్టినా ఆ మాట కంటే ఎక్కువ కాదు. మా ఊళ్ళలో మనిషికి ఆపద వస్తే చేసేది ఒక్కటే, నలుగురు కూడి మోకరించి వాడి పేరెత్తి అడగడం. నా తమ్ముడికి అది కూడా లేకుండా చేశాను.

తండ్రి పంపిన పూలు ఇచ్చాను. ఆమె పెట్టుకోలేదు, పారెయ్యనూ లేదు. తడిగుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టింది.

ఆదివారం ఇద్దరం పుంగనూరు వచ్చాము. షామియానా కింద జనం నిండి ఉన్నారు. చాపల మీద ఆడవాళ్ళు, కుర్చీల్లో మగవాళ్ళు, కొట్టం వైపు పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం ఉడుకుతోంది. పాట ఎత్తుకున్నారు. పిల్ల నా పక్కన తల వంచుకుని కూర్చుంది, చెయ్యి మాత్రం నా చేతిలో ఉంది. పాట అయిపోయాక పాస్టరయ్యగారు, సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నారు. ఆ చెయ్యి వదిలి లేచాను.

నేను కథలు బాగా చెబుతానని పేరు. ఆ రోజు నాలుగు ముక్కలే చెప్పాను. మీరు స్తుతి చెల్లిస్తున్న కెప్టెన్ నా తమ్ముడు కాదు, నేను అబద్ధం చెప్పాను, నా తమ్ముడు ఆ ఓడకు సరంగు, వాడు ఇంకా దొరకలేదు అన్నాను.

మేనత్త అందుకుంది. "కార్డు మీద కూడా కొట్టిస్తిరే తల్లీ. ఇంగ ఇంట్లో ఏమేమి ఉండాయో అబద్ధాలు" అంది. ఆమె అన్నది తప్పని నేననను.

వియ్యంకుడు లేచి నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు లేదు. ముందు కూతురి వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు, అది చూసి ఆయనకు అంతా తెలిసింది. తర్వాత నన్ను అడిగాడు.

"సరంగంటే ఎవురమ్మా?"

ఆసుపత్రి సంగతి పెట్టి చెప్పాను. పెద్ద డాక్టరమ్మ, మేట్రను, ఆయాలతోపాటు నేల కడిగే ఆయా పెద్ద. పైన నిలబడి ఆజ్ఞ ఇచ్చేవాడు కెప్టెన్ అయితే, ఆ ఆజ్ఞ పట్టుకుని పనివాళ్ళ మధ్యలోకి దిగేవాడు సరంగు అన్నాను. ఆయన వింటూ తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉన్నాడు.

"అది సెప్పింటే పిల్లను ఇయ్యనంటానా? నేనూ కూలోళ్ళతో కూడా మడిలో దిగేటోణ్ణే గదమ్మా. యాల అబద్ధం ఆడితివి?" అన్నాడు.

కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని. నిజంగా తెలియక అడిగినట్టు అడిగాడు.

ఆయనే పాస్టరయ్యగారి వైపు తిరిగి, అయ్యా, దొరకనోళ్ళ కోసరం సేయండి ప్రార్థన అన్నాడు. కుర్చీల్లో ఉన్న మగవాళ్ళందరూ మట్టిలోనే మోకరించారు. మేనత్త కూడా మోకాళ్ళ నొప్పులతో చాప పట్టుకుని వంగింది. పాస్టరయ్యగారు వాడి పేరు ముందర సరంగు అని చేర్చి దేవుడికి చెప్పినప్పుడు, నా పక్కన ఆ పిల్ల మూడు రోజుల ఏడుపు ఒక్కసారి ఏడ్చింది. వండిన అన్నం ఎవరూ ముట్టలేదు, ఆవులకు పెట్టారు.

వాడు దొరకలేదు. పది రోజులకు వెతకడం ఆపేశామని చెన్నై ఆయనే మళ్ళీ ఫోన్ చేశాడు. పూడ్చడానికి ఏమీ రాలేదు మాకు. ఓడలో వాడి గది కాలిపోయిందట, పెట్టె కూడా రాలేదు.

కొన్ని నెలలకు ఆ కెప్టెన్ ఫోన్ చేశాడు. అప్పుడు మేమందరం పుంగనూరులోనే ఉన్నాము. ఆయన హిందీవాడు. పిల్ల బెంగళూరులో నర్సు చదివింది కాబట్టి ఆమెకు అర్థమవుతుంది, స్పీకరు పెట్టి ఒక్కొక్క మాటా మాకు తిప్పి చెప్పింది. పడవల్లోకి దిగేముందు లెక్క చూస్తే ఇద్దరు తక్కువ వచ్చారట. చూసి రమ్మని ఆయనే సరంగుకు చెప్పాడట. ఎందుకు, ఎట్లా అని అడగకుండా వాడు పొగలోకి పోయాడట. నేనే పొమ్మన్నాను, నేను మాత్రం బతికి ఉన్నాను అని ఆ మనిషి అంటున్నాడని చెబుతూ, పిల్ల ఫోన్ కట్ చెయ్యకుండానే కింద పెట్టి ముఖం కప్పుకుంది.

అన్ని నెలలూ ఆయన మీద నాకు ఒకటే మంట ఉండేది. ఎక్కడో సుఖంగా ఉన్నాడని, ఆయన క్షేమం మాకు నష్టమని. ఆ ఫోన్లోంచి వచ్చే ఊపిరి వింటే ఆ మంట నిలవలేదు. వియ్యంకుడు చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. అవతల మనిషికి తెలుగు రాదని ఆయనకు తెలుసు.

"ఆ పొద్దు మేమందరం నీ కోసరమే ప్రార్థన చేసినాము నాయనా" అన్నాడు. "తెలవకుండానే చేసినాము. అయినా నీకే చేసినాము. నువ్వు బతకల్ల."

పిల్ల కళ్ళు తుడుచుకుని ఆ మాట హిందీలో చెప్పింది. అవతల ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. మేము ముగ్గురం ఆ ఫోన్ చుట్టూ కూర్చునే ఉన్నాము.

ఇంతవరకూ కదలకుండా విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద అన్నం మీ వాళ్ళందరికీ సరిపోవాలి, ఒక పిడికెడు మిగలాలి. మీలో ఎవరు ఎంత దూరం పోయినా, వాళ్ళ కోసం మోకరించే నలుగురికి వాళ్ళ సంగతి ఉన్నది ఉన్నట్టు తెలిసి ఉండాలి. దేవుడు మీ గడపను కాపాడు గాక.